పసుపు గీత

బస్సు డిపోలో చక్రం ఊడదీసి మళ్ళీ బిగించినవాడు, ఆఖర్న ప్రతి నట్టు మీది నుంచీ పక్కనున్న ఇనుము మీదకి ఒక రంగు గీత గీయాలి. నట్టు కదిలిందా, గీత విరుగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. ఒక్కో మెకానిక్కుది ఒక్కో రంగు. మన మెకానిక్కుది పసుపు. ఆ పసుపు గీతకి ఎంత పేరంటే, అది కనబడితే డ్రైవర్లు వంగి చూడడం కూడా మానేశారు. పనిమంతుడు, నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు ఒక మధ్యాహ్నం ఓ చక్రం నట్లన్నీ వదులు చేసి, వాటి మీద ఎప్పటిలాగే గీతలు గీశాడు. ఎందుకు గీశాడో చెబుతాను, విన్నాక మీకు తోచింది మీరనుకోండి.

ఆ డిపోలో సైరన్ అని ఒక డ్రైవరు ఉన్నాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. ఆయన నోరు తెరిస్తే గేటు అవతల పడుకున్న కుక్కలు లేచి కూర్చుంటాయి, అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ పొద్దున విశ్రాంతి గదిలో ఆయన చేతిగడియారం కనబడలేదు. గదినిండా మనుషులున్నారు. ఆయన కళ్ళు మాత్రం నేరుగా మెకానిక్కు మీదకే వచ్చాయి.

"ఇంకెవర్ని అడుగుతాం? వాళ్ళ నాన్న ఎక్కడుండి వచ్చాడో తెలీదా ఏంటి? రక్తంలో ఉంటుందయ్యా అది," అన్నాడు.

టీ తాగుతున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మెకానిక్కు నాన్న ఎప్పుడో దొంగతనం కేసులో జైలుకి వెళ్ళొచ్చిన సంగతి అందరికీ తెలుసు, ఇన్నాళ్ళూ మర్యాదకి మరిచిపోయినట్టు నటించారంతే. మెకానిక్కుకి తల కొట్టేసినట్టయింది. జేబులు తిరగేసి చూపించాడు. చూపిస్తుంటే చేతులు వణికాయి, ఆ వణుకు చూసి కూడా నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. కాసేపటికి గడియారం సైరన్ భోజనం సంచిలోనే, డబ్బాకీ తువ్వాలుకీ మధ్య దొరికింది. "ఓహో, ఇక్కడుందా," అని చేతికి పెట్టుకుని ఆయన దారిన ఆయన పోయాడు. ఆ "ఓహో"నే మెకానిక్కు మింగలేకపోయాడు. "పొరపాటైందయ్యా" అని ఒక్క ముక్క అనుంటే ఈ కథే లేదు.

నేరం ఎందుకు పుడుతుందో చెప్పడానికి చదువుకున్నవాళ్ళు చాలా కారణాలు చూపిస్తారు. పేదరికం అంటారు, పెంపకం అంటారు. ఉండొచ్చు, నేను కాదనను. మెకానిక్కు విషయంలో జరిగింది మాత్రం చాలా చిన్నది. ఆ మధ్యాహ్నం సైరన్ బస్సే అతని చేతికొచ్చింది, వెనక చక్రం మార్చడానికి. నట్లు బిగిస్తున్నంతసేపూ చెవుల్లో అదే మాట. 'దొంగ రక్తం అన్నావుగా, చూద్దువుగాని' అనుకుంటూ బిగించినవన్నీ మళ్ళీ వదులు చేశాడు. దారిలో చక్రం ఊగాలి, ఆయన బెంబేలెత్తి దిగాలి, నలుగురిలో నవ్వులపాలవ్వాలి. అంతకుమించి ఆలోచన సాగలేదు. అతని బుర్రలో ఆ బస్సులో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. మిగతా సీట్లన్నీ ఖాళీ. కుంచె ముంచి శుభ్రంగా గీతలు గీశాడు. ఈసారి చెయ్యి వణకనే లేదు.

సైరన్ వచ్చి చక్రం వైపు ఒక చూపు చూశాడు.

"నీ గీతేనా?"

"ఆ."

"అయితే వంగక్కర్లేదు. నడుము పట్టేసి చస్తున్నాను," అని ఎక్కి కూర్చున్నాడు.

పొద్దున దొంగ అన్న నోటితోనే మధ్యాహ్నం తన ప్రాణం తీసుకొచ్చి అతని చేతిలో పెట్టాడు. ఆ రెండింటికీ పొంతన లేదని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. మనుషులు అంతే, ఏం చేస్తాం.

బస్సు వెళ్ళి గేటు దగ్గర ఆగింది. ఎదురుచూస్తున్నవాళ్ళు ఎక్కుతున్నారు. చంకలో బిడ్డతో ఒకావిడ. కాలికి కట్టుతో ఒక పెద్దాయన, వెనక నుంచి ఆయన్ని ఎత్తి ఎక్కిస్తూ మనవరాలు. నిద్రమొహాలతో ఆసుపత్రి ఆయాలు ఇద్దరు. పానా తుడుచుకుంటూ నిలబడ్డ మెకానిక్కుకి, ఇందాకటిదాకా బుర్రలో ఖాళీగా ఉన్న సీట్లన్నీ ఒక్కొక్కటే నిండుతున్నట్టు కనబడింది. పరుగెత్తాడు.

పరుగెత్తుతుంటే ఇంకో బుద్ధి పుట్టింది. బిగించడం మరిచిపోయానంటే సరిపోతుంది కదా. నిజమే, సరిపోయేది. మరుపుకి నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. కావాలని చేశానంటే ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు, తండ్రి పేరు నిలబెట్టినవాడవుతాడు. బస్సు కదలబోతుండగా ఎదురుగా వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. సైరన్ తల బయటపెట్టి తిట్లు లంకించుకున్నాడు.

"దిగండన్నా. వెనక చక్రం వదులుగా ఉంది."

"మర్చిపోయావా?"

ఆయనే అందించాడు ఆ మాట. చెయ్యి చాచి పుచ్చుకోవడమే తరువాయి. కానీ ఇదివరకే ఒక అబద్ధం గీశాడు, దాని మీద ఇంకోటి గీయడానికి మెకానిక్కుకి మనసొప్పలేదు.

"లేదన్నా. కావాలనే వదులు చేశాను. పొద్దున మీరన్న మాటకి."

సైరన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. దిగి వెళ్ళి ఒక నట్టు పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగింది. ఇంకా ఆరని గీత ఆయన వేళ్ళకంటుకుని చెదిరిపోయింది. కిటికీల్లోంచి చూస్తున్న మొహాల వైపు చూశాడు. చెంప పగలడానికి సిద్ధపడి మెకానిక్కు నిలబడ్డాడు.

"ఇప్పుడు నేనొక్క కేక వేస్తే నిన్ను పట్టుకుపోతారు," అన్నాడు సైరన్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా. "నేనన్నదే నిజమైందని అందరూ అంటారు. అనకూడని మాట పొద్దున నేనూ అన్నాగా, చాలు. పానా తెచ్చుకో."

మెకానిక్కు బిగిస్తుంటే ఆయన పక్కనే గొంతుక్కూర్చుని రంగు డబ్బా పట్టుకున్నాడు. ఏమైందని కండక్టరు అడిగితే, "పొద్దున నా వల్ల ఒక పొరపాటు జరిగింది. సరిచేస్తున్నాం, కాస్త ఓపిక పట్టమను," అన్నాడు. అయితే ప్రతి నట్టునీ తన చేత్తో లాగి చూసుకున్నాకే మళ్ళీ ఎక్కాడు. అది న్యాయమే మరి.

ఆ సాయంత్రం మెకానిక్కు ఇంటికెళ్ళి నాన్న ముందు కూర్చున్నాడు. ఒకే ఇంట్లో ఉంటున్నా తండ్రీకొడుకుల మధ్య మాటలు ఎప్పుడో తగ్గిపోయాయి, కావలసినవి అమ్మ నోటి మీదుగా అటూ ఇటూ వెళ్ళేవి. నాన్న కుర్చీకి వైరు అల్లుతున్నాడు. కొడుకు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అల్లిక ఆగిపోయింది.

"నువ్వు చెబితే ఆయన నమ్మాడా?"

"నమ్మాడు నాన్నా."

"కొట్టలేదూ?"

"లేదు. రంగు డబ్బా పట్టుకున్నాడు."

నాన్న వైరు పక్కన పెట్టి చెప్పాడు. "నేనూ తీసినది తిరిగి పెట్టేద్దామనే వెళ్ళానురా. పెడుతుంటేనే పట్టుకున్నారు. పెట్టడానికొచ్చానంటే అందరూ నవ్వారు. మీ అమ్మ ఒక్కతే నమ్మింది."

నాన్న తీశాడన్నది కొడుక్కి చిన్నప్పటినుంచీ తెలుసు. తరవాత ఏం చేశాడని ఏనాడూ అడగలేదు. అందుకు ఇప్పుడు సిగ్గేసింది. నిజంగా రక్తంలో ఏదైనా వస్తుందంటే, ఇవాళ గేటు దాకా పరుగెత్తిన కాళ్ళు కూడా ఈయనిచ్చినవే కదా అనిపించింది.

"నేనూ నమ్ముతున్నాను నాన్నా."

నాన్న తల ఊపాడు. కళ్ళు తుడుచుకోలేదు, వాటి మానాన వాటిని కారనిచ్చాడు. తరవాత లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి వేసుకోవడం మొదలుపెట్టాడు. జైలు నుంచి వచ్చాక నలుగురి గుమ్మాలు తొక్కని మనిషి. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఈ వేళప్పుడు ఎక్కడికండీ?" అంది.

"ఆ డ్రైవరుగారింటికి. వీణ్ణి ఇంటికి పంపించాడుగా, ఒక దణ్ణం పెట్టుకుని వస్తాను."

పై రెండు గుండీలు పెట్టుకోవడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. కొడుకు దగ్గరికెళ్ళి మిగిలిన గుండీలు తనే పెట్టి, దారి చూపించడానికి ముందు నడిచాడు.