నీళ్లు తాగని ఆదివారాలు

శనివారం రాత్రి అన్నాల దగ్గర మాణిక్యం మజ్జిగ పోసుకోదు. చారూ పోసుకోదు. వేపుడు కూరతో నాలుగు ముద్దలు మింగి, నోరు పుక్కిలించి ఉమ్మేసి, కంచం తీసేస్తుంది. ఆ తర్వాత ఆదివారం చీకటిపడి ఇల్లు చేరేదాకా ఆమె గొంతులో చుక్క నీరు పడదు. "ముద్ద ఎట్టా దిగుద్దే నీకు?" అని అత్తగారు వెంకటరత్నమ్మ ఒకసారి అడిగింది గానీ, జవాబు కోసం ఆగలేదు. జవాబు ఆవిడకి తెలుసు. చల్లపల్లి పక్క పల్లెలో సొంత చేలోకే ఊడ్పులకి దిగిన మనిషి ఆవిడ. మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఊడ్చే ఆడవాళ్లు పొద్దు వాలేదాకా గొంతు తడుపుకోరు. చుట్టూ ఉన్నది నీళ్లే.

మాణిక్యానికి ఈ విద్య వాళ్లమ్మ నేర్పింది. చిన్నప్పుడు బస్సు ఎక్కాలంటే, "ప్రయాణం పెట్టుకుని నీళ్లు తాగకూడదే" అని చేతిలో గ్లాసు లాక్కునేది. అన్నయ్యని ఏమీ అనేది కాదు. వాడు బస్టాండులో సోడా తాగేవాడు, బస్సు ఆగినచోటల్లా దిగి ఏ గోడ కనిపిస్తే ఆ గోడ దగ్గరికి పోయేవాడు. అప్పుడు అది తేడాగా తోచలేదు. ఎద్దుకి కొమ్ములుంటాయి, మనిషికి ఉండవు, అలాగే అనుకుంది. బళ్లోనూ అదే అలవాటు. ఇప్పుడు గవర్నర్‌పేటలో తను టైపు కొట్టే ఆఫీసులోనూ అదే. అక్కడ ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి హెడ్‌క్లర్కు కుర్చీ వెనక మేకుకి వేలాడుతుంది. అది తీసుకోడానికి వెళితే నలుగురూ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకుంటారు. అందుకని రోజుకి ఒక్కసారే లేస్తుంది. ఎండాకాలం అదీ లేదు, చెమటలోనే పోతుంది.

ఆదివారం సంగతి వేరు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఉప్పుకాలువకీ సముద్రానికీ మధ్య, పీతలదిబ్బ అని ఒక పొడుగాటి ఇసుకదిబ్బ ఉంది. మనిషి కాపురం లేదు. నిలబడితే నెత్తికి నీడ ఇచ్చే చెట్టు లేదు. నేలని కరుచుకుని పాకే ఊదాపూల తీగ, పీతలు, నక్కలు, గాలి. చలికాలం చివర్లో తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఆ ఇసుకలో గుంట తీసుకుని గుడ్లు పెట్టిపోతాయి. మాణిక్యం భర్త తిరుపతిరావు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఆయనా, ఆయనలాంటి పదిమందీ కలిసి దిబ్బని కాపాడాలని ఒక మిత్రమండలి పెట్టారు. ఎవరికీ జీతం లేదు, ఎవరి ఖర్చు వాళ్లదే. జనవరి వచ్చిందంటే ప్రతి ఆదివారం కోడి కూయకముందే పటమటలో వ్యాను బయల్దేరుతుంది. అవనిగడ్డ దాటి, రేవులో శౌరయ్య పడవ ఎక్కి, తెల్లవారే వేళకి దిబ్బ చేరతారు. రాత్రి పెట్టిన గుడ్లని నక్కలకంటే ముందు వెతికి తీసి, తడికలు కట్టిన దడిలోకి మార్చి పూడ్చాలి. పిల్లలయ్యాక సముద్రంలో వదలాలి. తిరుపతిరావు ఇందులో పేరుకోసం పనిచేసే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. చచ్చిన తాబేలు ఒడ్డున కనిపిస్తే ఆ పూట అన్నం తినడు.

మాణిక్యాన్ని మొదట తీసుకెళ్లింది పులిహోర బుట్టతో పాటు. అంతమందికి పొట్లాలు కట్టి పంపే బదులు మనిషే వస్తే అక్కడే వడ్డిస్తుంది కదా అన్నారు. రెండో వారమో మూడో వారమో, గుంట మూతి ఇరుకై మగవాళ్ల చేతులు పట్టకపోతే, "నువ్వు పెట్టి చూడు" అన్నాడు తిరుపతిరావు. పడుకుని, చెంప ఇసుకకి ఆనించి, భుజం దాకా చెయ్యి పోనిచ్చింది. అడుగున తడి, ఆ తడిలో వెచ్చన. ఒక్కొక్క గుడ్డూ మెత్తగా, పండిన సపోటాలాగా. ఆ రోజు నుంచీ గూళ్లు తియ్యడం ఆమె పనైంది. "మా మిసెస్ చెయ్యి చిన్నదండీ" అని ఆయన అందరికీ చెప్పేవాడు. తనకి పనికొచ్చే చిన్న స్క్రూడ్రైవరు సంగతి చెప్పినట్టు.

ఆ మాటా ఆమెకి బాధనిపించలేదు. ఎందుకంటే ఆ దిబ్బ మీద ఆమెకి ఇంకొకటి దొరికింది. గాలి. ఆగకుండా కొట్టే ఆ గాలికి పిలుపు వినపడదు. పది బారల దూరం నుంచి "మాణిక్యం" అని కేకేసినా చేరదు, గాలి మధ్యలోనే తినేస్తుంది. ఇంట్లో పాలు పొంగుతుంటే పిలుస్తారు, తువ్వాలు కనపడకపోతే పిలుస్తారు, అది తీగ మీదే కళ్ల ముందు ఉన్నా పిలుస్తారు. ఆఫీసులో బెల్లు కొడతారు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి పిలుపుకి చెవి ఒకటి తెరిచిపెట్టుకునే నిద్రపోయింది. ఇక్కడ ఆ చెవి మూసుకుంది. ఇసుక మీద బోర్లా పడుకుని, చెయ్యి భూమి లోపల, ముఖం మీద గాలి. తాను ఎవరి భార్యో ఆ కాసేపు గుర్తుండేది కాదు. గుర్తు రాకపోవడం పాపమని కూడా అనిపించేది కాదు. ఆ కాసేపటి కోసం ఆమె వారమంతా బతికేది. శనివారం రాత్రి మజ్జిగ మానుకోవడం ఏపాటి?

కానీ ఆ దిబ్బ అరచెయ్యిలాగా బోడిగా ఉంటుంది. ఎక్కడ నిలబడినా ఎక్కడివాళ్లకైనా కనిపిస్తారు. మగవాళ్లు నాలుగడుగులు వేసి వీపు తిప్పుతారు, అయిపోతుంది. కాలువవైపు మడచెట్లున్నాయి గానీ అక్కడ మోకాటిబంటి బురద, ఆ పక్కనే పడవ, పడవలో మనుషులు. నెలసరి వచ్చిన ఆదివారాలు ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలుసు. నడిస్తే తొడలు ఒరుసుకునేవి. ఉప్పుగాలికి ఇంకా మండేవి.

ఒక చలికాలం ఫిర్దౌస్ వచ్చింది. పటమటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. నవ్వుతూ, పాంటు కాళ్లు మడుచుకుని పీతల వెంట పరిగెత్తేది. కొన్ని వారాలు వచ్చి మానేసింది. "వాళ్ల ఇంట్లో ఒప్పుకోలేదేమో, వాళ్లలో అంతే" అన్నారు మండలిలో. గవర్నర్‌పేట బస్టాపులో కనిపిస్తే మాణిక్యం అడిగింది. ఫిర్దౌస్ అటూ ఇటూ చూసి మెల్లగా అంది. "ఇంట్లోవాళ్లకేం లేదండీ. మావారే వెళ్లమన్నారు. నావల్ల కాలేదు మేడం. పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎలా ఉంటున్నారండీ మీరు?"

తన సంగతి ఇంకొకరు పైకి అనగా వినడం మాణిక్యానికి అదే మొదలు. ఆ వారం ఇంట్లో మీటింగు జరుగుతుంటే టీ గ్లాసులు పెట్టి, ట్రే పట్టుకుని అక్కడే నిలబడింది. ఫిర్దౌస్ పేరు అడ్డం పెట్టుకుని, ఆడవాళ్లకి కాస్త ఇబ్బందిగా ఉంటోందట, దిబ్బ మీద ఒక మూల నాలుగు తడికలు కట్టిస్తే ఇంకా నలుగురు వస్తారేమో అంది. తిరుపతిరావు టీ చప్పరించి నవ్వాడు. "పదిమంది చూస్తుండగా తాబేలు గుడ్లు పెట్టి పోతోంది. దానికి లేని చాటు మీకెందుకు?"

అందరూ నవ్వారు. ట్రే పట్టుకున్న మాణిక్యం కూడా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చాలా రోజులు వెతుక్కుంది. అంట్లు తోముతూ వెతుక్కుంది. టైపు కొడుతూ వెతుక్కుంది. ఆయన మాట కంటే తన నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

మండలికి ఒక నియమం ఉంది. దిబ్బ మీద మేకు కూడా దిగకూడదు. గుడ్ల దడి తప్ప ఇంకేదీ కట్టకూడదు. అయితే ఆ మార్చిలో జిల్లా పెద్ద ఆఫీసరు ఒకాయన భార్యతో సహా దిబ్బ చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన మనసు పడితే, తాబేళ్లు వలల్లో పడి చావకుండా, వేటపడవల్ని ఒడ్డుకి దూరంగా ఉంచుతాడని ఆశ. శౌరయ్య చేత తాటాకు పందిరి వేయించారు. దానికి దూరంగా, మేడంగారి కోసం, నాలుగు తడికలతో ఒక చాటు కట్టించారు. లోపల బకెట్టు, మగ్గు కూడా పెట్టారు.

ఆ ఉదయం పడవ దిగుతూనే మాణిక్యం దాన్ని చూసింది. గూటిలో చెయ్యి పెట్టి కూడా దానివైపే చూసింది. ఆఫీసరు ఒక్కడే వచ్చాడు, భార్య రాలేదు. తెచ్చిన కొబ్బరిబోండాలు మిగిలాయి. "తాగమ్మా" అని శౌరయ్య ఒకటి కొట్టి ఇచ్చాడు. ఆ దిబ్బ మీద ఆమె మొదటిసారి తాగింది. తియ్యగా, చల్లగా, గొంతు నుంచి కడుపు దాకా దిగుతున్న దారి తెలుస్తూ. ఇంకొకటి కూడా తాగింది. తడిక ఉంది కదా.

దడి దగ్గర పూడ్చడం పూర్తిచేసి తిరిగొచ్చేసరికి ఆ తడికలు లేవు. ఆఫీసరు పడవ కదలగానే తిరుపతిరావు దగ్గరుండి పీకించాడు. నియమం నియమమే, మనమే తప్పితే ఎలా అన్నాడు. నాలుగు తడికలూ గుడ్ల దడికి అతుకు వేశారు, నక్కలు దూరుతున్నాయని. పందిరి పీకి, ఆకు మోసి, భోజనాలు వడ్డించి, బయల్దేరేసరికి ఎండ తిరిగింది. పడవలో ఆమె మోకాళ్లు బిగించుకుని కూర్చుంది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర అల పడవని లేపి ఒక్కటి కొట్టింది. అంతే, ఇక ఆగలేదు.

ఎవరూ చూడలేదనుకుంది. వంగి చేత్తో సముద్రపు నీళ్లు తీసుకుని చీర కుచ్చిళ్ల మీద చల్లుకుంది. మళ్లీ చల్లుకుంది. "అదేంటి, తడిసిపోయావు?" అన్నాడు తిరుపతిరావు. అల కొట్టిందండీ అంది. తెడ్డు వేస్తున్న శౌరయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. రేవు వచ్చేదాకా ఇటు తిప్పలేదు.

మరుసటి వారంలో నడుములోంచి నొప్పి పుట్టి, చలిజ్వరం వచ్చి, ఆఫీసులోనే కూలబడిపోయింది. పటమటలో లేడీ డాక్టరు చూసి, రాయి ఉంది, చీము కూడా పట్టింది, నీళ్లు తాగకుండా ఎన్నేళ్ల నుంచి ఉంటున్నావమ్మా అని అడిగింది. ఇంక ఒక్క పూట కూడా గొంతు ఎండగట్టుకోవద్దు, కిడ్నీ పోతుంది అంది. తిరుపతిరావు కంగారుపడ్డాడు. కంగారులో కోప్పడ్డాడు కూడా, చదువుకున్నదానివి నీకు ఆ మాత్రం తెలీదా అని. సాయంత్రం భుజానికి తగిలించుకునే పెద్ద నీళ్ల సీసా కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చది. "ఇక దిబ్బ మీద కూడా నీ దగ్గరే ఉండాలి ఇది" అని ఆమె పక్కలో పెట్టాడు.

ఆమె ఆ సీసా వైపు చాలాసేపు చూసింది. ఇంతకాలం "ఇబ్బంది" అంది, "ఆడవాళ్లు" అంది, "ఫిర్దౌస్" అంది. ఈసారి ఎవరినీ అడ్డం పెట్టుకోలేదు.

"ఏవండీ, అక్కడ ఒక తడిక కట్టించండి. నీళ్లు తాగుతాను."

ఆయన వెంటనే నవ్వలేదు. మంచం పక్కన కూర్చుని, క్లాసులో పిల్లలకి చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు.

"దిబ్బ దిబ్బలాగే ఉండాలి మాణిక్యం. ఇవాళ నీకు తడిక, రేపు ఇంకొకడికి గది, ఎల్లుండి హోటలు. ఒక్కదానికి ఒప్పుకుంటే ఇక ఎవణ్ణీ ఆపలేం. నా భార్య కోసం కట్టించానంటే నలుగురూ ఏమంటారు? నువ్వే అర్థం చేసుకోకపోతే ఎలా?"

అందులో అబద్ధం లేదు. అదే ఆమెకి ఊపిరాడనివ్వలేదు. అబద్ధమైతే పోట్లాడొచ్చు. దిబ్బ అలాగే ఉండాలని ఆమెకీ ఉంది, ఆయన కంటే ఎక్కువే ఉందేమో. తడిక కట్టకపోతే దిబ్బ మిగులుతుంది. తను మిగలదు. తాబేలుకి దడి కట్టొచ్చు, అది నియమంలో ఉంది. నియమం రాసిన రోజు ఆమె లోపల టీ పెడుతోంది.

ఆ శనివారం రాత్రి మజ్జిగ పోసుకోలేదు. అలవాటు చొప్పున చెయ్యి వెనక్కి వచ్చింది. ఆదివారం చీకటితోనే లేచి పులిహోర కలిపి, పొట్లాలు కట్టి, బుట్ట తనే మోసుకెళ్లి వ్యానులో పెట్టింది. దానిమీద ఆకుపచ్చ సీసా కూడా పెట్టింది. తిరిగి లోపలికొచ్చి, కుండ మీద మూత తీసి, చెంబు నిండా ముంచి, గటగటా తాగింది. మళ్లీ ముంచింది.

వసారాలో మంచం మీద లేచి కూర్చుంది వెంకటరత్నమ్మ. "ప్రయాణం పెట్టుకుని అన్ని నీళ్లు తాగుతావేంటే?"

గుమ్మంలోకి వచ్చిన తిరుపతిరావు సంతోషపడ్డాడు. "తాగనీ అమ్మా, డాక్టరు చెప్పింది" అన్నాడు.

వెంకటరత్నమ్మ కొడుకు వైపు చూడలేదు. కోడలి చేతిలో చెంబు చూసింది, తర్వాత కోడలి ముఖం చూసింది. ఆవిడ ముఖంలో ఏదో కదిలి, ఊడ్పుచేలో అడుగు దిగబడినట్టు, అక్కడే ఆగిపోయింది. 

"ప్రయాణం లేదత్తయ్యా" అంది మాణిక్యం.

బయట వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. తిరుపతిరావుకి ముందు అర్థం కాలేదు. అయ్యాక, నొప్పేమో, వచ్చే వారానికి తగ్గుతుందిలే అన్నాడు. వచ్చే వారం కూడా లేదండీ అంది ఆమె. "మరి గూళ్లలో చెయ్యి ఎవరు పెడతారు?" అని అడిగాడాయన. నిజంగానే దిగులుగా అడిగాడు. ఆ దిగులు గూళ్ల గురించి.

మాణిక్యం అరచెయ్యి చూసుకుంది. ఇంకాసేపటికి శౌరయ్య పడవ కట్టు విప్పుతాడు. తెల్లారేసరికి ఇసుక మీద పాకిన జాడలుంటాయి. వాటి పక్కన ఆమె పడుకున్న గుర్తు ఉండదు. చెంపకింద ఆ చల్లదనం, వేళ్ల చివర ఆ వెచ్చన ఇక లేవు. రాయి కరిగినా అవి రావు. వ్యాను కదిలిన చప్పుడు బందరు రోడ్డు దాకా వినిపించి పోయింది.

ఆమె మూడోసారి చెంబు ముంచింది. వసారాలోంచి వెంకటరత్నమ్మ కాఫీ అడిగింది, మెల్లగానే. ఇక్కడ గాలి లేదు. ఎవరు ఎంత మెల్లగా పిలిచినా వినపడుతుంది.