ఫ్రేముల కొట్టుకు నీడ

గాలివాన ఫ్రేముల కొట్టు ముందు నీడకు కట్టిన పాత కాన్వాసును ఎత్తుకుపోయిన రోజు, అత్తగారు దాని కింద ఉండే తన బల్ల మీంచి లేచి వెనక గదిలోకి వెళ్లారు. మళ్లీ బయటకు రాలేదు. ఆపరేషన్ అయిన కళ్లకు ఎండ గిట్టదు. పెద్దకొడుకు పోయాక ఆమెకు లోకమంటే ఆ బల్ల, దాని ముందు నడిచే వీధి. అదీ లేకపోతే మనిషి దక్కదని కోడలికి తెలుసు.

మరిది రేకులు వేయిద్దామన్నాడు. "గాలికి ఎగరవు వదినా. పీడా వదులుతుంది."

"సాయంత్రం ఆవిడకు ఆకాశం కావాలయ్యా. ఎండలో విప్పి, చల్లబడ్డాక చుట్టేసే గుడ్డ వేయిద్దాం. గాలొచ్చినా చుట్టేయొచ్చు."

"చుట్టేది ఎవరు? నేనేగా!"

"నువ్వు కాకపోతే నీ మేనత్త వస్తుందా?"

బిగించేవాడు గుడ్డల నమూనాలు తెచ్చాడు. కోడలు రంగులు ఎంచుతుంటే, తలుపు చాటునుంచి అత్తగారి చెయ్యి ఒక్కటే ఎండలోకి వచ్చింది. "ఒక్కొక్కటీ దీని మీద పట్టు" అన్నారు. మందపాటి బూడిదరంగు గుడ్డ కింద ఆ అరచెయ్యి కాసేపు కదలకుండా ఉంది. "ఇదే."

కొలత కోడలు ఇచ్చింది. ఫ్రేములో దూరడానికి అద్దాన్ని రవ్వంత తగ్గించి కోసే చెయ్యి అది. కొట్టు ముందరి గోడకూ అలాగే తగ్గించింది. గోడ పెద్దది కనక తగ్గింపూ పెద్దదే చేసింది. బిగించాక చూస్తే, గుడ్డ రెండు వైపులా బెత్తెడు తక్కువ.

"గోడకు ఫ్రేము కడదామనుకున్నావా వదినా?" మరిది పగలబడి నవ్వాడు. కోడలు నాలిక కరుచుకుంది.

"పోనీలెండమ్మా, బల్ల వరకూ నీడ వస్తే చాలు కదా" అంటూ బిగించేవాడు పిడి తిప్పాడు.

గొట్టానికి చుట్టుకున్న గుడ్డ కదిలింది. ముడుచుకుని ఉన్న రెండు ఇనుప చేతులు మోచేతులు సాగదీసినట్టు మెల్లగా విచ్చుకున్నాయి. నీడ గడప దాటింది, బల్ల ఎక్కింది, వీధి అంచును తాకింది. దారిన పోయేవాళ్లు ఆగి తలలెత్తారు. మరిది నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

కోడలు కొట్టు వైపు తిరిగి అలాగే నిలబడిపోయింది. గాలివాన వెలిసిన నాటినుంచి వీధిలోకి ఎండను విసరడం తప్ప ఏమీ చూపని ఫొటోల అద్దాల్లో, ఒక్కొక్కటిగా మొహాలు తేలుతున్నాయి. పెళ్లివారు, పసిపిల్లలు, మీసాల తాతలు. చెరువు నీళ్లు తేటపడినట్టు గోడ నిండా మనుషులు. ఇంతమంది మధ్య ఇన్నాళ్లూ తిరిగానా అనుకుంది.

అత్తగారు గోడ పట్టుకుని బయటకు వచ్చారు. బల్ల మీద కూర్చుని, కళ్లు చికిలించకుండా చాలాసేపు చూశారు.

"అందరూ ఉన్నారే" అన్నారు. కాసేపటికి, "వాడేడీ?" అన్నారు.

అందరి ఫొటోలకూ ఫ్రేములు కట్టిన ఆ కొట్టులో ఆమె పెద్దకొడుకు ఫొటోకు ఇంకా కట్టలేదు.