గాలి బంద్

ఉప్మాకి ఎసరు మరుగుతోంది. పొయ్యి వెనక గోడకున్న చర్చి క్యాలెండర్ అక్షరాలు వేడి గాలిలోంచి అటూ ఇటూ కదులుతున్నట్టు కనిపిస్తుంటే, గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను.

"ఏందే ఎలిజబెత్, గాలి గిట్ల సోకిందా? ప్రార్థన చేయించాల్నా?" అంది మా అత్తమ్మ సరోజమ్మ.

సోకిందనే అనుకోండి. మాదాపూర్‌లో నా ఉద్యోగమే గాలి లెక్కలు. ఊరవతల ల్యాబులో పెద్ద అద్దాల గొట్టంలోకి గాలిని మహా వేగంగా తోలి, ఇవతల నుంచి అవతలున్న చుక్కల కాగితాన్ని ఫోటో తీస్తారు. సుడులకు వెలుతురు వంగి చుక్కలు జరిగినట్టు కనిపిస్తాయి. గాలి ఆపి తీసిన ఫోటోతో పోల్చి, ఎంత జరిగాయో నేను కొలవాలి. ఆ వంకర తగ్గుతుందని మా మేనేజరు సాయిచంద్ గొట్టానికి జాలీ పెట్టించాడు. నిన్న కొలిస్తే వంకర దాదాపు సున్నా. ఆఫీసంతా మిఠాయిలు. నాకే మింగుడు పడలేదు. గాలి ఆపి తీసిన ఫోటోలోనూ చుక్కలు అలికినట్టున్నాయి.

"మేడం, జర ఫికర్ బంద్ చెయ్యండి. అన్నిట్ల మీకు డౌటే" అన్నాడు సాయిచంద్. ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఫిలిప్ పేపర్లోంచి తలెత్తలేదు. "తేడా నీ చూపుల ఉంది. మొన్న మా అక్క ముందట నిన్ను చిన్నబుచ్చిన్నంటివి. ఏమన్న నేను? ఎంటెక్ చదివినా పప్పుల ఉప్పు తెల్వదన్న. అందరు నవ్విన్రు. నీ ఒక్కదానికే వంకరగ కనిపిస్తది."

నా చూపేనా? ఆ రోజు నేనూ నవ్వాను కదా. మరి ఆ పూట ఆ పప్పు నేనెందుకు ముట్టలేదు? తొమ్మిదేళ్లుగా వింటూ వింటూ, ఏది చూశానో ఏది ఊహించుకున్నానో నాకే తెలియకుండా పోయింది. ఇవాళ పదింటికి ఆఫీసుకి కంపెనీ పెద్దవాళ్లొస్తారు. వంకర సున్నా అని రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది నేనే.

ల్యాబుకి ఫోన్ చేశాను. ఫోటోలు తీసే ఐలయ్య ఎత్తాడు.

"ఐలయ్యా, నిన్నటి ఫోటోల ఫ్లాపీ మీద 'గాలి బంద్' అని రాసినవు. ఏ గాలి?"

"సీలింగ్ ఫ్యాను, మేడం. చుక్కల కాయితం కొట్టుకుంటున్నదని బంద్ చేసిన."

"గొట్టంలోది?"

"నడుస్తనే ఉండె. అది గూడ బంద్ చెయ్యాల్నా?"

వంకరతో వంకరను పోల్చి సున్నా అనుకున్నాం. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఇక సంతకం మాత్రం పెట్టను. ఆఫీసు సంగతి తేలింది. ఇంటి సంగతే తెలియడం లేదు. ఇక్కడా గాలి ఆపి తీసిన ఫోటో లేదు. ఈ వేళప్పుడు ఈ ఇంట్లో పొయ్యి ఆగగా నేనెప్పుడూ చూడలేదు.

పొయ్యి కట్టేశాను. కాసేపటికి క్యాలెండర్ అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి.

"టిఫినేదీ?" హాల్లోంచి ఫిలిప్.

"పొయ్యి బంద్ చేసిన" అన్నాను. "జర ఆగు. గాలి ఆగినంక, ఎవరి చూపు వంకరో కొలుస్త."