చెవి వెనక గుళిక

శ్రీకాంత్ ఆఫీసు స్లైడ్లు నేను దిద్దిపెట్టడం పెళ్ళయిన కొత్తలోనే మొదలైంది. "జర చూసిపెట్టు మధులికా, నీ ఇంగ్లిష్ మంచిగుంటది" అంటాడు. ఆ శనివారం పొద్దున చపాతీ పిండి కలిపి, చేతులు కడుక్కుని, వంటింటి బల్ల మీదే లాప్‌టాప్ తెరిచాను. ఇంగ్లండ్‌లోని ఈ రీడింగ్ ఊళ్ళో అతను పనిచేసే కంపెనీకి క్లయింట్లు అమెరికా వాళ్ళు. పచ్చికలో మేసే మాంసపు పశువులకు బరువు పెంచే హార్మోన్ గుళికలు అమ్ముతారు. ఏ పశువుకు ఎప్పుడు పెట్టారో గుర్తుంచుకునే యాప్ వీళ్ళు తయారుచేస్తున్నారు.

గుళికను చెవి వెనక చర్మం కింద పెడతారు. నెలల తరబడి మందు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. పచ్చిక అదే, పశువు మాత్రం ఎక్కువ బరువు తూగుతుంది. చెవే ఎందుకంటే, కోసేటప్పుడు చెవిని ఎలాగూ పారేస్తారు. ఈ దేశంలో ఈ పద్ధతి నిషేధమని నేనొక వాక్యం చేర్చాను. అది మనకెందుకు, స్పెల్లింగులు చూడు చాలని తీసేయించాడు. హెఫర్ అంటే ఆవే కదా అనుకున్నాడు. ఇంకా ఈనని పెయ్య అని జువాలజీలో ఎమ్మెస్సీ చేసిన నేను చెప్పాల్సి వచ్చింది. ఈతకు ఉంచుకునే పెయ్యలకు గుళిక పెట్టకూడదన్న హెచ్చరిక కూడా వదిలేశాడు. అదీ నేనే రాశాను.

నా ఎడమచేతి పైభాగంలోనూ గర్భం రాకుండా ఆపేది ఒకటుంది, అగ్గిపుల్లంత. ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, అదే ఐఎల్ఆర్, వచ్చేదాకా పిల్లలు వద్దనుకుందాం అని శ్రీకాంత్ అంటే సరేనన్నాను. ఐఎల్ఆర్ వచ్చింది, ఆ సంగతి మళ్ళీ మాట్లాడలేదు. కొందరు బరువు పెరుగుతారని నర్సు ముందే చెప్పింది, నేను పెరిగాను. స్లైడు మీద పశువుల బరువు ఆకుపచ్చ గీతై పైకి పోతుంది. నా బరువు మాత్రం "ఇంకో చపాతీ అవసరమా?" అన్న ప్రశ్నగా రోజూ పళ్ళెం పక్కకు వస్తుంది. గడువు తీరుతోందని మొన్న డాక్టర్ క్లినిక్ నుంచి మెసేజ్ వస్తే, కొత్తది పెట్టించడానికి నా పేరు మీద తానే సోమవారం బుక్ చేశాడు. ఇంకో మూడేళ్ళు ఫికరుండదన్నాడు. నన్ను అడగలేదు.

కరీంనగర్‌లో ఉన్న అత్తమ్మకు ఇవేవీ తెలియవు. పిల్లల కోసం డాక్టర్‌కు చూపెడుతున్నామని కొడుకు చెప్పాడు. ఎవరికి కాన్పయినా ఆ కబురు ఆమె నాకే చెబుతుంది. లోపం నాది కాదని అతను ఒక్క మాట అంటే సరిపోయేది. అనకపోవడంలో అతనికొక సుఖం ఉంది.

ఆ పూటే ఆమె వీడియో కాల్ చేసింది. సెలవు రోజు కూడా ఏం పని అని అడిగితే, గొడ్లకు బరువు పెంచే మందు అమ్మా అని శ్రీకాంత్ చెప్పాడు. ఆమె నవ్వింది.

"అట్లనా బిడ్డా. మరి మనింట్ల గొడ్డుకు ఏ మందు దొరుకలేదా?"

ఆ మాటకున్న రెండర్థాలూ ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. తల వంచుకుని నవ్వాడు.

నేను పెనం మీది చపాతీ తిప్పి, మంట తగ్గించి, ఫోన్ ముందుకు వచ్చాను.

"ఉంది అత్తమ్మా. పిల్లలు కాకుండ ఆపే మందు నా చేతిలనే ఉంది. మీ కొడుక్కు ఎరుకే. సోమవారం ఇంకొకటి పెట్టిపిస్తుండు."

శ్రీకాంత్ మ్యూట్ నొక్కాడు.

"ఏం చేసినవ్ నువ్వు? అమ్మ ఏమనుకుంటది?" అన్నాడు, గొంతు పెంచకుండానే. మళ్ళీ తనే, "సరే. సోమవారం తీయించేద్దాం. కందాం ఇగ. అమ్మకు అదే చెప్త" అంటూ ఫోన్ అందుకున్నాడు.

"తీయించుకుంట" అన్నాను. "కనాల్నా వద్దా అన్నది మాత్రం నేనింకా అనుకోలేదు."