దీని వెనకది

ఆమె తడి దుప్పటిని రెండు చేతులా దులిపి బాల్కనీ తీగ మీద వేస్తోంది. మెడలో తాడుకు వేలాడుతున్న పాటల పెట్టె దులిపినప్పుడల్లా వచ్చి గుండెకు తగులుతోంది. అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, దాని ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో ఉన్నాయి. ఒక మూల చిట్లితే భర్త అంటించిన నల్ల టేపు ఇంకా ఊడలేదు.

బట్టలు ఆరేసే వేళకి ఎప్పుడూ జోలపాట వస్తుంది. ఆమె దుప్పటి అంచులు సరిచేసి క్లిప్పులు పెడుతుండగా అది అయిపోవచ్చింది. ఆ పాట చివర్లో వేణువు సన్నబడి సన్నబడి తెగిపోతుంది. తెగేలోపే ఆమె గొంతులో తర్వాతి పాట మొదలైపోయింది. ఎప్పుడూ అంతే, ఆమె గొంతు పెట్టె కంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. ఈసారి పెట్టె వెనక రాలేదు. తీసి చూస్తే చిన్న తెర మీద 'కార్డు లేదు' అని ఉంది.

ఉన్నదాన్ని పట్టుకుని లేదంటుందేమిటి అనుకుంది. ఆపి మళ్ళీ వేసింది. భర్త బ్రతికి ఉండగా ఏ వస్తువు మొరాయించినా ముందు ఒక్కటి చరిచేవాడు. ఆమె కూడా అరచేత్తో మెల్లగా చరిచింది. కార్డు లేదు, లేదు అనే అంది పెట్టె.

ఆయన స్కూలు బస్సు డ్రైవరు. మొదటి భార్య పోయిన చాలా ఏళ్ళకు, ఇద్దరికీ తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక ఈమెను చేసుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో సాయంత్రాలు కొడుకు పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పెట్టెలోకి పాటలు ఎక్కించాడు. ఒక్కసారిగా కాదు. ఒకటి ఎక్కించి, దాన్ని చివరిదాకా విని, కాసేపు గెడ్డం గోక్కుని, అప్పుడు రెండోది వెతికేవాడు. కొట్టుకునే పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెడితే బస్సు నడపలేం, పాటలూ అంతే, అనేవాడు. ఆ పెట్టె ఏది ముందు ఎక్కిస్తే దాన్నే ముందు పాడేది. ఆయన కూర్చోబెట్టిన వరుసలోనే అన్నీ కూర్చున్నాయి.

ఆయన పోయాక ఆమె ఆ వరుసను పట్టుకునే రోజు గడుపుతోంది. ముక్కుతో పాడేవాడి పాట వస్తే పొయ్యి కట్టేయాలి. రైలుకూత పాట వచ్చేసరికి గుండీలు కుట్టాల్సిన చొక్కాల మూట విప్పి కూర్చోవాలి. గడియారం వైపు చూడాల్సిన పనే లేదు. పక్కింటావిడ మాత్రం, ఆ పెట్టె చెవిలో ఉంటే నీకు ఇల్లు కూలినా తెలీదమ్మా అని దెప్పుతూ ఉండేది.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, ఆయన మొదటి భార్య కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని. ఆమె ఈ ఇంటికి వచ్చేసరికే మీసాలొచ్చిన మనిషి. పిన్నీ అని పిలవరా అని తండ్రి ఒకసారి చెప్పాడు. అతను కాదనలేదు, అలాగని పిలవనూ లేదు. పిలుపు అవసరం లేకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. టీ ఉందా అంటాడు, తలుపేసుకోవాలి అంటాడు. ఆ మాటలు ఆమెతో అంటున్నాడో గోడతో అంటున్నాడో తెలియదు. చెడ్డవాడేం కాదు. కరెంటు బిల్లు కడతాడు, గ్యాసు బండ మార్చి పెడతాడు. ఇప్పుడు కంపెనీ వాళ్ళు వేరే ఊరు వేశారు, ఈ వారంలోనే వెళ్ళిపోతాడు.

వెళ్ళేవాడికి పని చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. పెట్టెను మాత్రం అతను తాళాలు పెట్టే చోట పెట్టింది. సాయంత్రం అతను తాళాలు పెడుతూ దాన్ని చూసి, ఏమైంది దీనికి అన్నాడు.

కార్డు ఊడదీసి, దాని ఇత్తడి రంగు గీతలను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టి చూశాడు. ఫలితం లేదు. కంప్యూటరుకు తగిలించాడు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. ఆమె వెనక నుంచి మెడ చాచి, ఏమంటోంది అని అడిగింది.

"మొత్తం తుడిచేసి ఖాళీగా ఇస్తుందట."

"వద్దను బాబూ."

"వద్దనే అంటున్నా."

పోయిన పాటల్ని వెతికి తీసే ప్రోగ్రాం ఒకటి ఉందట, దాన్ని నడిపించాడు. మర్నాటికి పాటలన్నీ దొరికాయి. పాత కార్డు చచ్చిపోయింది కాబట్టి కొత్తది తెచ్చాడు. అది మరీ పెద్దది కావడంతో పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు. లోపల నడిపించే ప్రోగ్రాం పాతది, ఫర్మ్‌వేర్ అంటారు, దాన్ని మార్చాలి అన్నాడు. ఆమెకు అర్థం కాలేదని ముఖం చూసి తెలుసుకుని, పాత డ్రైవరుకు కొత్త రోడ్డు తెలియదు కదా, అలాంటిది అన్నాడు. అన్నాక అది ఎవరి మాట తీరో అతనికే తట్టినట్టుంది, కీబోర్డు మీద లేని దుమ్ము ఊదాడు.

ఫర్మ్‌వేర్ ఎక్కుతున్నంతసేపూ వైరు కదలకూడదన్నాడు. అతను స్నానానికి వెళితే ఆమె కుర్చీ వేసుకుని ప్లగ్గు దగ్గరే కూర్చుంది. గరిటె అడగడానికొచ్చిన పక్కింటావిడ చూసి, ఏంటమ్మా ఆ కాపలా, వైరు లేచి పారిపోతుందా అని నవ్వింది.

పెట్టె పాడింది. గొంతులు ఇంతకుముందు కంటే తేటగా ఉన్నాయి. అన్నీ వచ్చాయి అన్నాడు అతను. బాగుంది బాబూ అంది ఆమె.

తెల్లారి బట్టలు ఆరేస్తుంటే కల్లు దుకాణంలో కుర్రాళ్ళు పాడుకునే పాట వచ్చింది. జోలపాట అంతకుముందే గిన్నెలు తోముతుండగా వచ్చేసింది, అప్పుడు దాని వేణువు తెగగానే ఆమె గొంతు తర్వాతి పాట అందుకుంది, పెట్టె మాత్రం డప్పుల మోత వినిపించింది. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది. పాటలన్నీ ఉన్నాయి, ఆయన లేడు. చెవుల్లోంచి తీసేస్తే ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు తప్ప ఏమీ లేదు.

అతనికి చెప్పలేదు. అంత శ్రమపడి చేసిపెట్టాక వంక పెట్టినట్టుంటుంది. పైగా ఏమని చెబుతుంది?

ఆ సాయంత్రం ఆమె కూర తరుగుతూ కూనిరాగం తీయడం, ఆగిపోవడం, మళ్ళీ తీయడం, ఆగిపోవడం అతను వంటగది గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు విన్నాడు.

"వరుస మారిందా?"

"పోనీలే బాబూ. పాటలు ఉన్నాయిగా."

అతను చెప్పాడు. పాటలు దొరికాయి గానీ, ఏది దేని వెనకో గుర్తుండే చోటు కార్డులో చెడిపోయింది. ఈ కొత్త ఫర్మ్‌వేర్ పాట పేరులో మొదటి అక్షరాన్ని బట్టి పాడుతుంది. వరుస తెలిస్తే పేర్ల ముందు అంకెలు వేసి మళ్ళీ అలాగే కూర్చోబెట్టొచ్చు. గుర్తుందా అని అడిగాడు.

ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పబోయి నాలుగో వేలి దగ్గర ఆగిపోయింది. "చెప్పమంటే రాదు. ఒకటి అయిపోతుంటే రెండోది దానంతటదే వస్తుంది."

అతను కుర్చీ తెచ్చి కంప్యూటరు దగ్గర వేశాడు. ఇయర్‌ఫోను ఒకటి అతని చెవిలో, ఒకటి ఆమె చెవిలో. వైరు పొట్టిది కావడంతో కుర్చీ ఇంకా దగ్గరకు జరుపుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. అతను ప్రతి పాటా చివరి కాసింత వేస్తాడు. అది తెగగానే ఆమె కళ్ళు మూసుకుని తర్వాతి దాన్ని కూనిరాగం తీస్తుంది. అతను దాన్ని వెతికి అంకె వేస్తాడు.

"ఇది ఏది?"

"అదే, ముక్కుతో పాడేవాడిది."

"ముక్కుతో పాడేవాళ్ళు ముగ్గురున్నారు ఇందులో."

"జలుబు చేసినవాడిది."

అతను నవ్వాడు. పక్క నుంచి వింటే అచ్చం తండ్రి నవ్వే. ఆమె కళ్ళు తెరవలేదు.

తర్వాత జోలపాట వంతు వచ్చింది. అతని వేళ్ళు ఆగిపోయాయి. దాన్ని చివర నుంచి కాకుండా మొదటి నుంచీ వేశాడు. అయిపోయేదాకా ఆపలేదు.

"ఇది అమ్మది," అన్నాడు. "తల దువ్వేటప్పుడు పాడేది."

"తెలుసు. ఆయన చెప్పారు."

"దాటించెయ్యాలనిపించలేదా ఎప్పుడూ?"

"ఎందుకు దాటిస్తాను?" ఆమె ఇయర్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దాని వెనకది నాది బాబూ. పెళ్ళయిన వారానికి ఎక్కించారు. ఏమీ చెప్పలేదు. మీ అమ్మ పాట వెనక నా పాట పెట్టి, నా మొహంలోకి చూశారు. అంతే. ఈ ఇంట్లో నేను కూర్చున్న చోటు అదొక్కటే."

ఆమె తన పాటను కూనిరాగం తీసింది. అతను వెతికి పట్టుకున్నాడు గానీ, అంకె వేశాడో లేదో ఆమెకు కనబడలేదు. ఆ తర్వాత మిగిలినవన్నీ పూర్తి చేశారు. ముక్కుతో పాడేవాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చినా ఎవరూ నవ్వలేదు. మిగతా పని నేను చూస్తాను అని అతను పెట్టె తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు.

వాళ్ళ అమ్మ పాట అతను తీసేసుకున్నా అడిగే హక్కు తనకు లేదు అనుకుంది ఆమె. వేరే చోట కూర్చోబెట్టినా లేదు. అతని తల్లి, అతని ఇష్టం. అడగనూ లేదు.

అతను వెళ్ళే రోజు పొద్దున, తడి బట్టల బుట్టలో పైన పెట్టె కనిపించింది. తాడు చిక్కు పడకుండా చుట్టి ఉంది. ఆమె మెడలో వేసుకుని మీట నొక్కింది. మొదటిది మొదటే వచ్చింది. ఒక్కో బట్టా దులిపి ఆరేస్తూ ఉంటే ఒక్కోటీ తన వంతుకు వస్తూ ఉంది. లోపలి గదిలో అతను సంచి జిప్పు లాగడం కనబడుతోంది, వినబడటం లేదు.

దుప్పటి దగ్గరకు వచ్చేసరికి జోలపాట వచ్చింది. తీసెయ్యలేదు. ఆమె తీగను పట్టుకుని నిలబడిపోయింది. అతను సంచి భుజానికి తగిలించుకుని హాల్లోకి వచ్చాడు. వీధి తలుపు దగ్గర ఆగి, తెరిచి ఉన్న బాల్కనీ తలుపులోంచి ఆమె వైపు చూస్తూ ఉన్నాడు.

వేణువు సన్నబడింది. ఎప్పుడూ ముందు నడిచే ఆమె గొంతు ఈసారి లేవలేదు. లేస్తే ఎక్కడ పడుతుందో అని భయం వేసింది. వేణువు తెగిపోయింది. చెవుల్లో ఏమీ లేదు.

అప్పుడు ఆమె పాట మొదలైంది.

కాసేపటికి ఆమె గొంతు కూడా అందుకుంది, ఒక అడుగు వెనక. పెదవులు కదలడం అతను చూశాడు. ఒంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. ఆమె క్లిప్పు పట్టుకున్న చెయ్యి సగం ఎత్తింది. అతను తలుపేసుకోవాలి అనలేదు, తనే దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.