పాటల మిషన్‌కు ఆయుధపూజ

"మీ డీఏపీ వచ్చేసిందండీ" అని ఫోన్లో ఎవరో ఆంధ్రా గొంతుతో అనగానే మామిడిపల్లి జంగయ్యకు పంట సగం చేతికొచ్చినట్టయింది. ఆ ఫోను ఆయనది కాదు, కొడుకు గోవర్ధన్‌ది. కొడుకు స్నానం చేస్తుంటే తండ్రి ఎత్తాడు. ఆ వారమంతా డీఏపీ బస్తా కోసం ఎరువుల దుకాణం ముందు చెప్పులు వరుసలో పెట్టి కాచుక్కూర్చున్న రైతుల్లో జంగయ్య కూడా ఉన్నాడు. చెప్పులు అరిగాయి గానీ బస్తా దొరకలేదు. అలాంటిది ఇప్పుడెవరో పుణ్యాత్ముడు తుక్కుగూడ చౌరస్తా దాకా తెచ్చి ఇస్తానంటున్నాడు. కొడుకు తండ్రికి చెప్పకుండా ఎరువు తెప్పించాడన్నమాట. జంగయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

కొడుకు తల తుడుచుకుని వచ్చేలోపే తండ్రి పక్కింటి సత్తయ్య ట్రాలీ ఆటో మాట్లాడి, వాన పడితే తడవకుండా టార్పాలిన్ వేయించి బయల్దేరాడు. దారిలో సత్తయ్యకు ఒక బస్తా ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు. చౌరస్తాలో బైకు మీదున్న మనిషి మిఠాయి డబ్బా అంత పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. బస్తాలేవని జంగయ్య అడిగితే, బస్తాలేంటండీ ఒకటే పీసు, జాగ్రత్తగా పట్టుకోండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ ట్రాలీలో, అంత టార్పాలిన్ మీద, ఆ డబ్బా ఒక్కటే పెళ్ళికొడుకులా కూర్చుని ఊరేగింది.

డీఏపీ అంటే భూమికి వేసే ఎరువే కాదు, చెవులకు వేసే ఎరువు కూడా. డిజిటల్ ఆడియో ప్లేయర్ అని దాని పూర్తి పేరు. ఫోన్లో వినిపించని సన్నని చప్పుళ్ళు కూడా వినిపించే పాటల మిషన్. అరచేయంత ఇనప ఇటుక. పక్కన తిప్పే చక్రం, పైన రెండు రంధ్రాలు. పెద్ద రంధ్రంలో పెద్ద హెడ్‌ఫోన్ వైరు, చిన్న రంధ్రంలో చిన్నదాని వైరు దూరుతుంది. గోవర్ధన్ ఈ సంగతంతా అప్పుడే ఇంట్లో చెప్పేస్తే కథ అక్కడే అయిపోయేది. చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది, ఆ కారణం వెనక ఒక స్పీకర్ల సెట్టుంది.

అంతకుముందు అతను ముచ్చటపడి ఇంట్లోకి స్పీకర్లు కొన్నాడు. వినాయక చవితికి మండపంవాళ్ళు వచ్చి అడిగితే, దేవుడికి ఇయ్యకుంటే ఇంకెవనికిస్తమని జంగయ్య ఎత్తి ఇచ్చేశాడు. అవి నిమజ్జనం ట్రాక్టరెక్కి, నడిరోడ్డు మీద తీన్మారు మోగి మోగి, గొంతు చీలి ఇంటికొచ్చాయి. దేవుడు నీళ్ళలో కలిశాడు, గోవర్ధన్ కన్నీళ్ళలో తేలాడు. పాడే వస్తువేదైనా ఊరిదే, దాన్ని పాడు చేసేదీ ఊరే అని ఆరోజే అతనికి అర్థమైంది.

అందుకే ఈసారి తండ్రి పెట్టె చేతికిస్తూ "గిదేంది బిడ్డా?" అంటే, గోవర్ధన్ రెప్ప వేయకుండా "ఆఫీసు మిషన్ బాపు. కార్గోల పెట్టెలు చెక్ చేసేది. దీన్ని ఎవ్వరు ముట్టద్దు. దీనికేమన్న అయితే నా నౌకరి పోతది" అన్నాడు.

గోవర్ధన్ శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో సూపర్‌వైజర్. అక్కడ లేనిదేదైనా ఉందంటే అది నిశ్శబ్దమే. ఫోర్క్‌లిఫ్టులు కీచుమంటాయి, మనుషులు అరుస్తారు, ఆ మనుషుల మీద వీడు అరుస్తాడు. ఇంటికొస్తే నెత్తిమీద విమానాలు. ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. రోజంతా చెవులు అమ్ముకుని బతికే మనిషి సాయంత్రం ఒక గంట వాటిని విడిపించుకోవాలనుకున్నాడు. అంతే అతని దురాశ.

అన్నం తిని మిద్దెక్కి, పెద్ద రంధ్రంలో వైరు దూర్చి, చక్రం నెమ్మదిగా తిప్పితే తబలా మీద గోరు గీసుకున్న సవ్వడి కూడా తెలిసేది. పాడే ఆవిడ చరణం ఎత్తుకునే ముందు గుక్క మింగడం వినపడేది. ఆ గుక్క కోసం అతను పాటను వెనక్కి పోనిచ్చి మళ్ళీ మళ్ళీ వినేవాడు. పైన విమానం, కింద అనుమానం. తల్లి రుక్మిణమ్మ ఒడియాలు ఎత్తడానికి మిద్దెక్కి, ఆఫీసు పని చేస్తూ తలెందుకు ఊపుతున్నవ్ బిడ్డా అని అడిగింది. పెట్టెలన్నీ సరిగ్గున్నాయని ఊపుతున్నానన్నాడు. పాపం, రాత్రుళ్ళు కూడా చాకిరీ చేయిస్తున్నారని ఆవిడ ఆఫీసువాళ్ళను తిట్టుకుంటూ దిగింది.

నిజం తెలిసింది భార్య పూర్ణిమ ఒక్కదానికే. "మిషన్‌కొక్కదానికే కాదు, నీ అబద్ధానికి గూడ రోజు చార్జింగ్ పెట్టాలె. ఏదో ఒకనాడు ఎక్కువ ఎక్కి పేల్తది" అంది. గోవర్ధన్‌కు కోపమొచ్చింది. అతనికి కోపం రావడానికి ముహూర్తం అక్కర్లేదు. పురాణంలో గోవర్ధనం ఎత్తినాయన వేరు, ఈ గోవర్ధన్ ఎప్పుడూ ఎత్తేది గొంతే.

దసరా వచ్చింది. పండుగ ఊరికి గానీ విమానాలకు కాదు. పొద్దున్నే డ్యూటీకి పోతూ మిషన్‌ను కిటికీ దగ్గర చార్జింగ్ పెట్టాడు. మధ్యాహ్నం దాకా గగన్‌పహాడ్ నుంచి రావాల్సిన లోడు రాలేదని ఒకరి మీద, వచ్చిన లోడు తడిసిందని ఇంకొకరి మీద అరిచి, సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే వేళకు ఇంటికి వచ్చాడు. వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. సత్తయ్య ఇంటిల్లిపాదీ వచ్చారు, మేనత్తలు వచ్చారు. ఊదుబత్తి వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది.

వరండాలో పీటలేసి ఆయుధపూజ చేశారు. కొడవళ్ళు, పార, మందుకొట్టే పంపు, బోరు మోటారు స్టార్టర్ డబ్బా, అన్నీ కడిగి బొట్లు పెట్టి వరుసగా పేర్చారు. ఆ వరుసకు ముందు, వేరే పీట మీద, గోడకానించి నిలబెట్టి ఉంది గోవర్ధన్ మిషన్.

దాని ఒంటినిండా తడి పసుపు. అద్దం మీద మూడు కుంకుమ బొట్లు. తిప్పే చక్రం సందుల్లో పసుపు ముద్ద. మెడలో బంతిపూల దండ. పైనున్న రెండు రంధ్రాల్లో రెండు ఊదుబత్తులు, ఒకటి పెద్ద రంధ్రంలో, ఒకటి చిన్న రంధ్రంలో, ఎవరో కొలత తీసి చేయించినట్టు నిటారుగా నిలబడి పొగలు వదులుతున్నాయి. మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టాలని చూస్తే పొగబెట్టారంటారు. గోవర్ధన్‌కు చెవుల్లోనే పొగబెట్టినట్టయింది.

"దీంట్ల ఊదుబత్తులు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు. గొంతు కార్గో షెడ్డులో లేచినట్టు లేచింది. వాకిట్లో పిల్లలు సైతం ఆట ఆపారు.

రుక్మిణమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. అరటిపండు బాగా మగ్గి ఊదుబత్తి నిలబడకుండా వాలిపోతుంటే, ఈ మిషన్‌కు దేవుడిచ్చినట్టు రెండు బొక్కలు కనపడ్డాయని, అందుకే గుచ్చానని మెల్లగా చెప్పింది. చెప్పే మాట పూర్తికానే లేదు. గోవర్ధన్ ఒక్క అంగలో పీట దగ్గరికి వెళ్ళి, దండ తెంపి పారేసి, రెండు చేతులతో రెండు ఊదుబత్తులనూ పట్టి లాగాడు. చిన్న రంధ్రంలోది సాఫీగా వచ్చింది. పెద్దది పుటుక్కుమంది. పైముక్క చేతిలోకి వచ్చింది, పుల్ల లోపలే ఉండిపోయింది.

"నిదానంగ తీస్తే అచ్చేటిది గద కొడుకా" అంది రుక్మిణమ్మ.

దాంతో అతనికి కళ్ళు కనపడలేదు. చదువు లేదు, తెలివి లేదు, కనపడ్డదానికల్లా పసుపు పూస్తారు, రేపు విమానం దొరికితే దాని ముక్కుక్కూడా నిమ్మకాయ కడతారు అని అరిచాడు. పండుగపూట కన్నతల్లిని పదిమందిలో నిలబెట్టి అరిచాడు. సత్తయ్య తలవంచుకుని జమ్మి ఆకులు లెక్కపెడుతున్నట్టు నటించాడు. మేనత్తల్లో ఒకావిడ లేచి నిలబడి, పోదామా ఉందామా అని ఇంకొకావిడ ముఖం చూసింది. రుక్మిణమ్మ నేలమీద పడ్డ పూలు ఏరుతూ కూర్చుంది.

జంగయ్య అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆయన కోపం కొడుకు కోపంలాంటిది కాదు. అది అరవదు, నడుస్తుంది. నెమ్మదిగా నడిచొచ్చి కొడుకు ముందు నిలబడ్డాడు.

"అయిపోయిందా నీ ఒర్రుడు? ఇగ నేను చెప్తా ఇను. మీ అమ్మ తప్పు చేసింది. నేను గూడ చేసిన, దాన్ని ముందట పెట్టింది నేనే. రేపు పొద్దుగాల నీ ఎంబటి ఎయిర్‌పోర్టుకు వస్త. మీ పెద్దసారు కాళ్ళు వట్టుకుంట. మా ముసలిదానికి ఎరుక లేక చేసింది, మావోని నౌకరి తియ్యకుండ్రి అంట."

గోవర్ధన్ గొంతు ఒక్కసారిగా దిగింది.

"నువ్వెందుకు వస్తవ్ బాపు" అన్నాడు.

"ఎందుకు రాను? అది పోతే నౌకరి పోతదని నువ్వే గద చెప్పినవ్. నీ నౌకరి పోతే ఈ ఇంట్ల పొయ్యి దేనితోని ముట్టుతది? నా కూరగాయలతోనా?"

రుక్మిణమ్మ పూలు ఏరడం ఆపి, తానుకూడా వస్తానంది. పాపం చేసింది తానైతే కాళ్ళు పట్టుకోవాల్సింది కూడా తానేనంది. ట్రాలీ ఆటో తీస్తాను, అందరం పోదామని సత్తయ్య అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అదే గోవర్ధన్ ప్రాణానికొచ్చింది. ఇంటిమీద ఆపద వచ్చిందనుకుని అందరూ నడుం కడుతున్నారు. ఆ ఆపదను కల్పించినవాడు చేతిలో విరిగిన ఊదుబత్తి పట్టుకుని నిలబడ్డాడు.

అతను పూర్ణిమ వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించమని ఆ చూపుకు అర్థం. ఆమె కదల్లేదు.

"నన్నెందుకు చూస్తవ్? నీ అబద్ధానికే పూజయింది. హారతి గూడ నువ్వే ఇయ్యి" అంది.

గోవర్ధన్ ఎవరి ముఖమూ చూడకుండా, "పెద్దసారు లేడు, ఏం లేదు బాపు. గది ఆఫీసుది కాదు. నాదే. పాటలు వినే మిషన్" అన్నాడు.

"మల్ల చెప్పు" అన్నాడు జంగయ్య.

మళ్ళీ చెప్పాడు. స్పీకర్లు పాడైపోయినప్పటి నుంచి కడుపులో దాచుకున్న మంట కూడా చెప్పాడు. ఇది పాటల మిషన్ అని తెలిస్తే దీన్ని కూడా ఊరంతా తిప్పుతారని భయపడ్డానని, రోజుకు ఒక గంట తనకంటూ ఏమన్నా మిగలాలనుకోవడం తప్పా అని నిలదీశాడు. నిలదీస్తుంటే గొంతు మళ్ళీ లేచింది. కానీ సగంలో తల్లి ముఖం కనపడి దిగిపోయింది.

జంగయ్య వరుస చివరికి వెళ్ళి వంగి, పార వెనక ఉన్న ఒక తుప్పు ఇనుపముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అది నాగలి కర్రు. ఎద్దులు పోయాయి, నాగలి పోయింది, పొలంలో సగం విమానాల కిందికి పోయింది. కర్రు ఒక్కటి మిగిలింది. ప్రతి దసరాకూ మొదటి పీట దానిదే.

"ఇది మా నాయినది" అన్నాడు. "నాకు బుద్ధి తెలిసిన కాన్నుంచి దీన్ని ముందటి నుంచి జరపలే. ఇయాళ్ళ జరిపిన. ఇప్పుడు మనకు బువ్వ పెట్టేది మావోని మిషన్ అని, దాన్ని ముందట పెట్టి, దీన్ని ఎన్కకు పెట్టి, చెప్పులిడిచి మొక్కిన. నేను మొక్కింది పాటల డబ్బాకారా?"

ఎవరూ నవ్వలేదు. వేరే రోజైతే సత్తయ్య నవ్వేవాడు. ఊదుబత్తి పెట్టారని గోవర్ధన్ ఇంతసేపు మండిపడ్డాడు. ఆ పీట ఎందుకు ముందుందో ఒక్కసారి కూడా చూడలేదు. తానాడిన అబద్ధానికి తండ్రి తన తండ్రిని వెనక్కి జరిపాడు.

అతను వంగి మిషన్‌ను ఆ పీట మీంచి తీశాడు. కర్రు అందుకోబోతే జంగయ్య ఇవ్వలేదు. తానే పెట్టి, తానే పసుపు రాసి, ఊదుబత్తిని ఈసారి గ్లాసులో బియ్యం పోసి నిలబెట్టాడు.

గోవర్ధన్ తడి గుడ్డతో కాక పొడి గుడ్డతో మిషన్ తుడిచాడు. చక్రం సందుల్లోని పసుపు రాలేదు. మీట నొక్కితే అద్దం మీద వెలుగొచ్చింది. చిన్న రంధ్రంలో వైరు దూరిస్తే పాట పలికింది. పెద్ద రంధ్రంలో పుల్ల అలాగే ఉంది, పూర్ణిమ జడపిన్నుతో కెలికితే ఇంకా లోపలికి పోయింది. తబలా మీద గోరు చప్పుడు ఇక ఆ మిషన్‌లో మునుపటంత బాగా వినపడదు.

ఇంతలో జమ్మి పట్టుకుని ఊరివాళ్ళు రావడం మొదలైంది. పొద్దున రుక్మిణమ్మ మురిసిపోయి, మా గోవర్ధన్ ఆఫీసు మిషన్‌కు పూజ చేస్తున్నామని అందరికీ చెప్పింది. వచ్చినవాళ్ళు చేతిలో ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుని, పీటల వైపు చూసి, మిషన్ ఏదీ అంటున్నారు. జంగయ్య గడపలో కూర్చుని ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పాడు.

"మావోడు చెప్తడు, ఇనుండ్రి."

గోవర్ధన్ చెప్పాడు. మొదట వచ్చిన అనంతయ్యకు సగం మింగి చెప్పాడు. జంగయ్య గడపలోంచే, పూర్తిగా చెప్పమన్నాడు. తర్వాత వచ్చిన గోపయ్యకు పూర్తిగా చెప్పాడు గానీ, ఊదుబత్తి విరిగిపోయిందని ఎవరూ విరవనట్టుగా చెప్పాడు. ఈసారి జంగయ్య తల ఎత్తి చూశాడంతే. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తల్లి వింటోంది.

చివరికి వీధి చివరింటి శివయ్య తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఏందిరా పరేషాన్‌గున్నవ్, నీ నౌకరి మిషన్ ఏదిరా అని అడిగింది. గోవర్ధన్ ఆమె కాళ్ళకు మొక్కి, లేచి, వంటింట్లోకి వినపడేలా చెప్పాడు.

"అది నౌకరి మిషన్ కాదు పెద్దమ్మా, నేను పాటలు వినేటిది. ఆఫీసుదని అబద్ధం చెప్పిన. మా అమ్మ దానికి పూజ చేసింది. దాన్ని ఇరగ్గొట్టింది మా అమ్మ కాదు, నేను."