ఏ పచ్చ?

మా ఆయన గజేందర్ చొక్కా కాలరుకు పట్టిన పసుపు సబ్బుకు లొంగదు, ఎండకు వెలిసిపోవాల్సిందే. ఆర్మూరు యార్డులో పసుపు కొని అమ్మే మనిషిని కట్టుకున్నాక చొక్కాలు, దుప్పట్లు, తలుపులు, ఎక్కడ పడితే అక్కడ పసుపు వదిలించడమే నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు అసలే లేదు. అయినా ఇంటి ముందు గోడకు పసుపు రంగే కావాలనిపించింది. నేను వదిలించక్కర్లేని పసుపు ఒక్కటైనా ఉండాలి కదా.

అడిగాను. "ఆడోళ్ళకు రంగులు చీరలల్ల తెలుస్తయి, గోడలల్ల గాదు" అన్నాడు. ఆయన మనసు పక్కింటి ఆకుపచ్చ మీద ఉంది. పసుపు లారీ వెంట మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పోయి, అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "రాజన్నకు చెప్పు, ముందు గోడకు పచ్చ రంగు. సొంత తెలివి పెట్టకు. నేనన్న మాట అన్నట్టే చెప్పు."

అన్నట్టే చెప్పాను. రంగులేసే రాజన్న తల గోక్కున్నాడు. "ఏ పచ్చ వదినె?"

ఒకప్పుడు మనవాళ్ళకు ఆకుకూ పసుపుకూ కలిపి ఒక్క పచ్చే సరిపోయేదని, ముందు 'ఆకు', 'పసుపు' తగిలించి విడదీసుకోవడం తర్వాతి ముచ్చట అని డిగ్రీలో మా తెలుగు మేడం చెప్పింది. "గా సదువు కూరల ఏస్తవా?" అని గజేందర్ ఎన్నిసార్లు వెక్కిరించాడో. కూరలో ఇప్పటిదాకా వేయలేదు, నిజమే.

సొంత తెలివి వద్దన్నాడు కాబట్టి, గడపకు పసుపు రాస్తున్న మా అత్తమ్మ లసుమవ్వను అడిగాను. "అత్తమ్మా, పచ్చంటే ఏ రంగు?"

"గంత సదివినవ్, గిది తెల్వదా?" అంటూ పసుపంటిన అరచేయి చూపించింది.

రాజన్న నవ్వాపుకుంటూ బయలుదేరాడు, డబ్బాలు తేవడానికి.

సాంగ్లీ నుంచి వచ్చిన గజేందర్ వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఏమే! పచ్చ రంగన్న గదా!"

"పచ్చనే ఏపిచ్చిన. నువ్వన్నట్టే చెప్పిన."

"గిది పసుపు!"

"పచ్చకామెర్లొస్తే కండ్లు ఏ రంగైతయిరా?" లసుమవ్వ అందుకుంది. "తోటకూర లెక్కైతయా?"

గజేందర్ మళ్ళీ గోడను చూశాడు. సాయంత్రపు ఎండ పడి వాకిలంతా పెళ్ళింటిలా వెలిగిపోతోంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాళ్ళు కడుక్కుంటూ ఆయనే మెల్లగా అన్నాడు.

"బానే ఉన్నది తియ్యి. మరి గేటుకు ఏ రంగేద్దామంటవ్?"

కూరలో ఉప్పెందుకు తక్కువైందన్నది కాక, పెళ్ళయ్యాక ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న.

"ఆలోచించి చెప్త" అన్నాను, ఎంతో వినయంగా.

గేటు సంగతి రాజన్నకు ఆ రోజు పొద్దున్నే చెప్పేశాను. ఆకుపచ్చ అని, ఆకుతో సహా.